నల్ల తీగ

పోయిన ఏడాది మా సంగీత పాఠశాల వార్షికోత్సవానికి నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. రిటైరైన వీణ టీచరును కదా, శాలువా కప్పడానికి ఎవరో ఒకరు కావాలి. ఒక అమ్మాయి వేదికెక్కి, "స్కాట్లండు జానపద గీతం, మోహన రాగం" అని చెప్పి వీణ మీద వాయించింది. చక్కని చెయ్యి. హాలంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ పాట మోహనం కాదు. అందులో ఉండవలసిన ఒక స్వరం లేదు. దాన్ని పీకి పారేసింది ఎవరో కాదు, నేనే. పీకేసి, పుస్తకంలో అచ్చు వేయించి, దానికి సన్మానం కూడా చేయించుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న సంగీతం టీచర్లు నా దగ్గరికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడం అంటుంటారు. కచేరీల గురించి, పతకాల గురించి చెబుతానని వాళ్ల ఆశ. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ ఒక్క తప్పు గురించే చెబుతాను.

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు మాట. మా ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"మేడం, ప్రత్తిపాడులో ఒక పెద్ద దొరసాని ఉందంట. వాళ్ల దేశం వాయిద్యం, హార్ప్, మన స్కూలుకిస్తానంటోంది. కాకపోతే ఎవరైనా వెళ్లి నేర్చుకోవాలంట. తీగల వాయిద్యమే గదా, మీ డిపార్ట్‌మెంటు."

"మా పెరట్లో బట్టలారేసే దండెం కూడా తీగేనండీ. అదీ నా డిపార్ట్‌మెంటేనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆయనకప్పటికే పేపర్లో ఫోటో కనిపిస్తోంది. హార్ప్ పెట్టడానికి అద్దాల బీరువా కొలతలు కూడా వడ్రంగికి చెప్పేసినట్టు తర్వాత తెలిసింది. వాయిద్యం ఇంకా చూడలేదు, బీరువా మాత్రం తయారవుతోంది!

పళ్లు కొరుక్కుంటూ శనివారం ప్రత్తిపాడు బస్సెక్కాను. మిరపకాయల రోజులు. దారి పొడుగునా కల్లాల్లో కాయ ఎర్రగా పరిచి ఉంది, బస్సులో అందరం తుమ్ముతూనే ఉన్నాం. ఆ తుమ్ముల్లో నా కోపం ఇంకా పెరిగింది. ముప్ఫై ఏళ్లు వీణ చెప్పిన మనిషిని, ఈ వయసులో నాకు ఓనమాలా?

పెద్దావిడ స్కాట్లండులో ఒక సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, చిన్న వయసులోనే నర్సుగా సింగరాయకొండ వైపు వచ్చి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఎనభై దాటాయి. తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. చెవుల్లో రెండు మిషన్లు. ఆమెకు తోడుగా ఇరవై ఏళ్లనుంచి ఒకామె ఉంటోంది. నలభై ఏళ్లుంటాయి, ముస్లిం, తెలుగు తప్ప వేరే భాష రాదు. ఆమె తండ్రి సింగరాయకొండ వైపే దూదేకి పరుపులు కుట్టేవాడట. ఆమెకు పెళ్లై ప్రత్తిపాడు కాపురానికొస్తే, రిటైరైన దొరసాని కూడా వెనకాలే వచ్చి పక్కింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఎవరు ఎవరికి తోడో చెప్పడం కష్టం.

హార్ప్ కిటికీ దగ్గర నిలబెట్టి ఉంది. నా నడుము ఎత్తుంటుంది. ముప్ఫై దాకా తీగలు. అన్నీ ఒకలాగే ఉంటే వేళ్లు దారి తప్పుతాయని, ప్రతి స్థాయిలోనూ షడ్జానికి ఎర్ర తీగ, మధ్యమానికి నల్ల తీగ వేస్తారు. మిగతావన్నీ తెల్లవి.

"ఐదు పాటలున్నాయమ్మా," అంది పెద్దావిడ. "మా నాయనమ్మవి. మా ఊళ్లో ఆమె పాడినట్టు పాడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఉన్నది నేనొక్కదాన్నే. ఈ వేళ్లు ఎటూ పోయాయి, చెవులు పోతున్నాయి. అవి మూతపడేలోగా ఎవరైనా ఆ ఐదూ నాకు సరిగ్గా వాయించి వినిపిస్తే, హార్ప్ తీసుకుపొండి. అంతే."

అంతే అంది గానీ అది చిన్న కోరికేం కాదని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం, "నోట్సు ఇవ్వండి, నెలలో అయిపోద్ది," అన్నాను.

"నోట్సు లేదు. విను, వాయించు."

మనమూ పిల్లలకు అదే చెబుతాం కదా, ముందు వినండి, నోటితో పాడండి, తర్వాతే వీణ ముట్టుకోండి అని. ఆ మాట నాకే ఎవరైనా చెబితే ఎంత చిరాకుగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆమె వినమన్నప్పుడల్లా నేను చీర కొంగు చాటున చిన్న పుస్తకం పెట్టుకుని సరిగమలు రాసుకునేదాన్ని. కాపీ కొట్టే పిల్లల్ని ముప్ఫై ఏళ్లు పట్టుకున్నదాన్ని కదా, ఎలా కొట్టాలో బాగా తెలుసు.

నేర్చుకోవడం నేననుకున్నంత సులువు కాలేదు. వీణ మీద తీగను లాగితే గమకం పలుకుతుంది. హార్ప్ తీగను లాగితే ఏమీ పలకదు, పెద్దావిడ మొహం మాడుతుంది. ఇంకో సంగతి, ఒకసారి మీటిన తీగ మోగుతూనే ఉంటుంది. దాన్ని అరచేత్తో ఊరుకోబెట్టి గానీ తర్వాతి మాటకు వెళ్లకూడదు. నేను ఊరుకోబెట్టడం మర్చిపోయేదాన్ని. "ఒకళ్ల మాట అయ్యాక ఇంకొకళ్లు మాట్లాడాలమ్మా. నువ్వందరి చేతా ఒకేసారి మాట్లాడిస్తున్నావు," అనేది. నిజం ఒప్పుకోవాలి, మూడో నెలకి శనివారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలుపెట్టాను.

ఐదు పాటల్లో ఒకటి తెడ్లు వేసేది, ఒకటి పాలు పితికేది, ఒకటి ఉన్ని బట్టను బల్ల మీద బాదేటప్పుడు పాడేది, ఒకటి పెళ్లివారు నడిచేది. మిగిలిన ఒకటి, ఆవిడ నేర్పిన వరసలో నాలుగోది, పని పాటా కాదు, పెళ్లి పాటా కాదు. వేటకెళ్లిన పడవలు రావడం ఆలస్యమైనప్పుడు ఒడ్డున ఆడవాళ్లు పాడుకునేది. పెద్దావిడ దాన్ని రెండు వంకర వేళ్లతో మీటుతూ, అందనిచోట నోటితో పాడుతూ చెప్పింది. వింటూనే నా ప్రాణం లేచొచ్చింది. స రి గ ప ద. అచ్చం మన మోహనం! ఎక్కడో చలిదేశంలో చేపలు పట్టేవాళ్లు మన మోహనం పాడుకుంటున్నారని, ఆ రోజు బస్సులో పక్కనున్నామెకు కూడా చెప్పాను.

ఒకటే చిక్కు. పాట చివర, పంచమం నుంచి దిగేటప్పుడు, ఆవిడ వేలు ఒక్కసారి నల్ల తీగ మీద పడి ఆగేది. మధ్యమం. పాట మొత్తానికి ఒక్కసారే. మోహనంలో మధ్యమం ఉండదని మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు.

మా పాఠశాల సంగీత దినం దగ్గరపడుతోందని ప్రిన్సిపాల్ గారు తొందర పెట్టారు. హార్ప్‌ను నెల ముందే పాఠశాలకు తెప్పించారు. నా సరిగమల పుస్తకాన్ని, ప్రతి పాటకూ రాగం పేరు పెట్టి, అచ్చు వేయిస్తామన్నారు. స్టాఫ్ రూములో మా వయొలిన్ మాస్టారు నా రాతప్రతి చూశారు. చాలా చదువుకున్న మనిషి. ఆ చదువు ఎదుటివాళ్లు మర్చిపోకుండా చూసుకునే మనిషి కూడా.

"అంతా బాగుంది గానీ, ఇక్కడ ఈ మధ్యమం ఏందండీ?"

"ఆవిడ అట్లాగే వాయిస్తోందండీ."

"ఆవిడకి వేళ్లు వంకర, చెవుడు. గాంధారం అనుకుని పక్క తీగ మీటి ఉంటుంది. మనం దిద్దకపోతే ఎట్టా? రేపు పుస్తకం చూసినవాళ్లు మనకేమీ రాదనుకుంటారు."

నేను అడ్డు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్లు ఆలోచించాను. నాకూ అదే అనుమానం ఉంది, అది అసలు కారణం. ఒక్క స్వరం తీసేస్తే పాట నున్నగా, మనదిలా అయిపోతుంది. మనదైపోయిందన్న సంతోషంలో అది ఇంకొకరిదన్న సంగతి మర్చిపోయాను. ఎర్ర సిరాతో మధ్యమం కొట్టేశాను.

హార్ప్ తీగలు వాతావరణానికి దిగిపోతుంటాయి. వాటిని బిగించి శ్రుతి చెయ్యడానికి వారానికోసారి ప్రత్తిపాడు నుంచి ఆ తోడుండే ఆమే వచ్చేది. పెద్దావిడ వేళ్లు పోయినప్పటినుంచీ ఆ పని ఆమెదే. ఒకరోజు ఆమె తీగలు బిగించాక, నేను నాలుగో పాట వాయించి చూసుకుంటున్నాను. వయొలిన్ మాస్టారు టీ తాగుతున్నారు. ఆమె తీగలు బిగించే తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"టీచరుగారండీ, కోప్పడొద్దు. అందులో ఒకటి తప్పిపోయిందండీ. కింద నల్లదాని మీద పడుద్ది గదా, అది."

"అది పెద్దావిడ పొరపాటమ్మా. చెవులు సరిగా లేక," అన్నాను.

"కాదండీ. అమ్మగారి చెవులు బాగున్నప్పటినుంచీ వింటన్నా నేను. ఇరవై ఏళ్లు. అప్పుడూ అట్టానే పడేది."

వయొలిన్ మాస్టారు కప్పు కింద పెట్టారు. "ఏమ్మా, మీ నాన్నేం చేసేవాడన్నావు?"

"దూదేకేవాడండీ."

"మరి దూదేకేవాళ్లకి రాగాలతో ఏం పని? శ్రుతి చేశావుగా, పోయిరా."

ఆయన నవ్వారు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయాలి. నేను కూడా నవ్వాను.

ఆమె నవ్వలేదు. బాధపడినట్టూ కనిపించలేదు. "దూదేకే విల్లుకీ తీగే ఉంటదండీ," అంది. "దూదిలో గింజ తగిల్తే మోత మారుద్ది. ఇంట్లో అన్నం తింటా చెప్పేవాళ్లం, నాయనా గింజుందని." తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

ముప్ఫై ఏళ్లలో నా దగ్గర చదివినవాళ్లలో అంతకంటే మంచి చెవి ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. ఇరవై ఏళ్లు విన్న మనిషి గుమ్మంలో నిలబడి సాక్ష్యం చెబుతోంది. ఎనిమిది నెలలు విన్న నేను, ఒక్కసారి కూడా వినని ఆయన కలిసి తీర్పిచ్చేశాం. ఆమెకు సర్టిఫికెట్ లేదు, అదే ఆమె నేరం.

సంగీత దినం సాయంత్రం హాలు నిండింది. ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి వచ్చారు. పుస్తకం ఆవిష్కరించారు, నాకు సన్మానం చేశారు. వేదిక పక్కనే అద్దాల బీరువా, దానికి ఇత్తడి పలక, పలక మీద ప్రిన్సిపాల్ గారి పేరు. పెద్దావిడను ముందు వరసలో కూర్చోబెట్టారు. లౌడ్ స్పీకర్లు పెట్టగానే ఆమె చెవి మిషన్లు కూతపెట్టాయి. చెవులు మూసుకుని, మిషన్లు రెండూ తీసి సంచిలో వేసుకుంది. అప్పటికే ఆ నెలలో వినికిడి బాగా పడిపోయిందట. మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. తోడున్నామెకు సైగ చేసి, కుర్చీ వేదిక పక్కకు జరిపించుకుంది. నా మొహం కాదు, తీగలు కనపడేటట్టు.

మొదటి మూడూ బాగా వచ్చాయి. ఆమె వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తోంది. నాలుగోది మొదలుపెట్టాను. తాళం ఆపేసింది. నా చేతులకేసే చూస్తోంది. చివరికొచ్చాను, పంచమం మీటాను, గాంధారానికి దిగాను, ముగించాను. చప్పట్లు.

పెద్దావిడ కర్ర పట్టుకుని లేచింది. ముఖ్య అతిథికి నమస్కారం పెట్టడానికనుకుని జనం దారిచ్చారు. ఆమె మెట్లెక్కి, నేరుగా హార్ప్ దగ్గరికొచ్చి, వంకర వేలితో నల్ల తీగ ఒకసారి మీటింది.

"ఇదేం పాపం చేసిందమ్మా? దీన్నెందుకు ముట్టుకోలా?"

మైకు దగ్గరే ఉంది. హాలంతా వినపడింది. జనం పెద్దగా నవ్వారు. దొరసాని తెలుగులో సరసం ఆడిందనుకున్నారు.  నేనేం చెప్పినా ఆమెకు వినపడదని అప్పుడు అర్థమైంది. చెవులు మూతపడ్డాయి. మేం ఆలస్యం చేశాం. ఉన్న ఆ కాస్త గడువునూ మోహనం చెయ్యడానికి వాడుకున్నాం.

ప్రిన్సిపాల్ గారు మైకందుకుని, "పెద్దవారు, వయసు రీత్యా కొంచెం..." అంటూ శాలువా తీసుకుని ముందుకొచ్చారు. ఆమె శాలువాను చేత్తో పక్కకు నెట్టి, కిందికి చూసి తోడున్నామెతో అంది, "అమ్మాయ్, దీన్ని ఆటోలో పెట్టు."

వయొలిన్ మాస్టారు అడ్డం వెళ్లారు. "ఎట్టా తీసకెళ్తారమ్మా? పేపరువాళ్లకిచ్చేశాం!"

తోడున్నామె ఆయన్ని చూడను కూడా చూడలేదు. చెప్పులు విప్పి వేదికెక్కింది. హార్ప్‌ను, దూది నింపిన బోరెం ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకుని, నడిమి దారిలోంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెనక కర్ర పొడుచుకుంటూ పెద్దావిడ. ఐదో పాట వాయించే పని లేకుండా పోయింది. మర్నాడు పేపర్లో మాత్రం హార్ప్ బహూకరించారనే వచ్చింది. ఆ అద్దాల బీరువా ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడండి. అందులో హార్ప్ ఫోటో పెట్టారు.

తర్వాతి శనివారం మామూలు బస్సుకే వెళ్లాను. రానిస్తారో లేదో తెలియదు. తోడున్నామె గుమ్మంలో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. పెద్దావిడ దగ్గర ఇప్పుడు పలక ఉంది, తన గొంతు తనకే వినపడక మాట తగ్గించింది. దాని మీద, తప్పు చేశాను, మళ్లీ నేర్పండి అని రాశాను. ఆమె చదివి, తుడిచి, గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసింది, 'నా చెవులు ఈమె దగ్గరున్నాయి. ఈమెనడుగు.'

వెళ్లి చాప మీద, తోడున్నామెకెదురుగా కూర్చున్నాను. స్టాఫ్ రూములో నవ్వినందుకు క్షమించమని అడిగాను.

"పోనీండి టీచరుగారూ. మాస్టారు నవ్వితే నాకేం అనిపించలా. మీరు నవ్వితే అనిపించింది," అంది. 

ఆమె పాడేది, నేను వాయించేదాన్ని, పెద్దావిడ తీగలు చూసేది. నల్ల తీగ ముట్టుకున్నాను గానీ వెంటనే వదిలేస్తున్నాను. నా వేలికి ఇంకా సిగ్గు. పెద్దావిడ పలక తీసుకుని చాలాసేపు రాసింది.

'మా నాయనమ్మ వల అల్లుకుంటూ ఈ పాట పాడేది. పాటంతా తల వంచుకునే ఉండేది. ఆ స్వరం దగ్గర ఒక్కసారి తల ఎత్తి సముద్రం వైపు చూసేది, పడవ కనపడుతుందేమోనని. కనపడకపోతే మళ్లీ తల దించుకునేది. నువ్వు ఆమెను తల ఎత్తనివ్వలేదు.'

ఆ తర్వాత నా వేలు అక్కడ ఆగింది. పెద్దావిడ హార్ప్ చెక్క మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "ఇంకోసారి," అంది. ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు వాయించాను. విందో లేదో నాకు తెలియదు. సరిగ్గా వినగలిగిన రోజుల్లో నేను వినిపించలేదు, అది మాత్రం తెలుసు. తర్వాతి ఏడాది ఆమె పోయింది. హార్ప్ తోడున్నామె దగ్గరే ఉంది.

ఇక పుస్తకం. రెండో ముద్రణ వేస్తున్నారని తెలిసి, నాలుగో పాటలో మధ్యమం చేర్చమని అర్జీ పెట్టాను. ముగ్గురితో కమిటీ వేశారు. వయొలిన్ మాస్టారు అందులో ఒకరు. "మీరే రాసి, మీరే తప్పంటే ఎట్టా మేడం? సంస్థ పరువేం కావాలి?" అన్నారు. మోహనంలో మధ్యమం రాదు కాబట్టి మార్పు అవసరం లేదని కమిటీ తేల్చింది. అసలది మోహనమే కాదండీ బాబూ అని మొత్తుకుంటే వినేవాళ్లు లేరు! తోడున్నామె చేత పిల్లలకు హార్ప్ చెప్పిద్దామని ఇంకో అర్జీ పెట్టాను. విద్యార్హత కాలమ్ ఖాళీగా ఉందని తిప్పి పంపారు. రిటైరయ్యే రోజు లైబ్రరీలో ఉన్న కాపీలన్నిటిలోనూ పెన్నుతో మ అని రాసొచ్చాను. తర్వాత ఎవరో శ్రద్ధగా వైట్‌నర్ పూశారట. ప్రతి కాపీకీ! పిల్లలు తప్పు వాయిస్తే చెవిన వేసుకోని సంస్థ, ఒప్పును చెరపడానికి ఎంత ఓపిక పట్టిందో చూడండి.

అందుకే ఆ వార్షికోత్సవంలో నాకు ఒళ్లు మండింది. శాలువా కప్పించుకుని, ఆ వీణ అమ్మాయిని వెతుక్కుంటూ వెనకగదికి వెళ్లాను. వయొలిన్ మాస్టారి మీద, కమిటీ మీద ఉన్న కోపమంతా ఆ పిల్ల మీద చూపించబోయానేమో కూడా.

"చివర్లో పంచమం నుంచి దిగేటప్పుడు నీ చెయ్యి కొంచెం తడబడింది. ఎందుకు?" అన్నాను.

ఆ పిల్ల భయపడింది. "సారీ మేడం. అక్కడ నాకెప్పుడూ మధ్యమం పడబోతది. పుస్తకంలో లేదు గదా అని ఆపుకుంటా. ఇంకా ప్రాక్టీస్ చేస్తా."



"ఆదివారం ఖాళీయేనా?" అన్నాను. "ప్రత్తిపాడు పోదాం. పుస్తకం ఇక్కడే పారేసి రా."

ఆదివారం వెళ్లాం. తోడుండే ఆమె, ఇప్పటికీ నేనలాగే అంటున్నాను, గుమ్మంలో కూర్చుని పరుపు కుడుతోంది. లోపల హార్ప్ చూపించి, వాయించుకో అంది. ఏమీ పాడి వినిపించలేదు, ఏమీ చెప్పలేదు. దబ్బనం చేతబట్టుకుని, తల వంచుకుని కుట్టుకుంటోంది. నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాకు అంత తేలిక కాదు.

పిల్ల ఒక్కో తీగా వెతుక్కుంటూ, తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ, చాలాసేపటికి పాట చివరికొచ్చింది. పంచమం మీటింది. వేలు గాల్లో ఆగింది. నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. వేలు దిగి నల్ల తీగ మీద పడి, అక్కడే నిలిచింది.

గుమ్మంలో ఆమె కుట్టడం ఆపి తల ఎత్తింది.